పుల్లీకి పెట్టిన బొట్టు

చాయ్ పట్టుకొని కూసోండ్రి, చెప్త. మొన్న ఆదివారం మా ఇంట్ల ఒక తప్పు బయటపడ్డది. అది ఎవరి తప్పో తేల్చనీకి ముగ్గురిని తిట్టిన. ముగ్గురిదీ కాదని తేలింది. ఇంక ఇంట్ల మిగిలింది నేనొక్కన్నే!

ముందుగాల బండి సంగతి చెప్పాలె. నా దగ్గర ఒక తెల్ల అంబాసిడర్ ఉన్నది. పెట్రోల్ బండి. అరబ్బు దేశం పోయి దమ్మాంల పద్నాలుగేండ్లు గ్యారేజీల చెమటోడ్చి వచ్చినంక, మా కోరుట్లల ఒక డాక్టర్ సార్ కాడ కొన్న. కొత్త కారు కొనే తాకత్ లేదు. పాతది బాగుచేసుకునే చేతులున్నయి. తొమ్మిదేండ్లప్పుడు బీడీల కార్ఖానల ఆకు కత్తిరించిన. పదిహేనేండ్లకు భీవండి పోయి సాంచల నడుమ పండుకున్న. సాంచ అంటే మరమగ్గం, మా దిక్కు గట్లనే అంటం. పానా పట్టుడు నాకు ఎవడూ పుణ్యానికి నేర్పలే. చూసి నేర్చుకున్న, దెబ్బలు తిని నేర్చుకున్న. గందుకే నా పనిల ఎవరన్న వేలు పెడితే నాకు మండుతది. కోపం ఎక్కువ నాకు. దాసుకునుడెందుకు?

ఆ బండి రిజిస్ట్రేషన్ ముగియవచ్చింది. సోమవారం పదకొండు గంటలకు జగిత్యాలల రవాణా ఆఫీసుకు తీసుకపోయి చూపించాలె. పాసైతే ఇంకా కొన్నేండ్లు రోడ్డు మీద తిరుగుతది. కాకపోతే తుక్కే.

మా బిడ్డ మానస జగిత్యాలలనే ఉంటది, బడిల ఫిజిక్స్ చెప్తది. "బాపూ, అమ్మేయరాదు. వానకాలం వస్తే నువ్వు దాన్ని నడిపేది తక్కువ, నూకేది ఎక్కువ" అన్నది.

మా ఇంటామె లచ్చవ్వకు మోకాళ్ళు పనిచేయవు, బస్సు మెట్లు ఎక్కలేదు. ఈ బండి లేకపోతే ఆమెకు చెల్లె ఇల్లు లేదు, బిడ్డ ఇల్లు లేదు, వాకిలి దాటుడే లేదు. గా సంగతి నాకు బాగ ఎరుక. ఎరుకైనా నోరు ఊకుంటదా? "సోమవారం గేటు కాడ బండి ఒక్కసారి ఆగినా, తుక్కు దుకాణానికి నేనే తోలుకపోత!" అన్న. అందరి ముంగట అన్న. అన్నమాట వాపసు తీసుకునే అలవాటు నాకు లేదు. లచ్చవ్వ నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి, లోపలికి పోయింది.

బండి ఊకె ఎందుకు ఆగుతదంటే, సీబీ పాయింట్ల వల్ల. రెండు చిన్న ఇనుప ముక్కలు, తగులుతుంటయి, విడుతుంటయి. విడినప్పుడల్లా ప్లగ్గుకు మంట పోతది. అరుగుతయి, నల్లవడ్తయి, జర చెమ్మ తగిలితే మొరాయిస్తయి. ఇన్నేండ్ల నుంచి ఎమరీ కాగితంతోని వాటిని రాకి రాకి నా వేళ్ళే అరిగినయి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కిట్ వచ్చింది. మానస ఫోన్ల చూసి తెప్పించింది. దాంట్ల తగులుడు, అరుగుడు లేదు. ఇంజన్ ముంగట ఫ్యాన్ బెల్టును తిప్పే ఇనుప చక్రం ఉంటది గదా, క్రాంక్ పుల్లీ, దానికి ఎదురెదురుగ రెండు రంధ్రాలు పొడిచి రెండు మాగ్నెట్లు కూర్చోబెట్టాలె. పక్కకు ఒక సెన్సర్ బిగించాలె. మాగ్నెట్ సెన్సర్ ముంగటి నుంచి పోయినప్పుడల్లా మంట. అంతే! కని మొదటి రంధ్రం ఎక్కడ ఉండాల్నో అక్కడనే ఉండాలె. జరిగిందనుకో, మంట పడాల్సినప్పుడు పడది, పడొద్దన్నప్పుడు పడ్తది.

గురువారం నాడు సెన్సర్ పట్టీ బిగించిన. ఇంజన్‌ను చేత్తోని తిప్పి, మంట పడాల్సిన కాడ ఆపిన. సెన్సర్‌కు సరిగ్గా ఎదురుంగ పుల్లీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతోని వెంట్రుకంత సన్నటి గీత గీసిన. నాకే ముద్దొచ్చింది ఆ గీత! తర్వాత పుల్లీ ఊడదీసి, వాకిట్ల గద్దె మీద పెట్టి, అన్నం తిని పండుకున్న.

శుక్రవారం పొద్దున సిరిసిల్ల బస్సుకు తయారైతున్న. లచ్చవ్వ వచ్చింది.

"ఇంటున్నవా?"

"ఇంటున్న."

"నీ చక్రం గద్దెనంత జిడ్డు చేసింది. తోమి పెట్టిన. శుక్రవారం పూట కొత్త పనికి పోతున్నది గదా అని..."

"మంచిగ చేసినవ్! సంచిల వేసినవా? బస్సు పోతది!"

పాత తువ్వాల చుట్టి సంచిల వేసి ఇచ్చింది. విప్పి చూడలే. నా పుల్లీని నేను చూసేదేంది?

కోరుట్లల లేత్ షాపులు లేక కాదు సిరిసిల్లకు పోయింది. ఖాజా చెయ్యి మీద నాకు భరోసా. ఖాజా భీవండిల నా దగ్గర పని నేర్చుకున్నోడు. ఇప్పుడు ఆయనకూ గడ్డం తెల్లవడ్డది. తంగళ్ళపల్లికి పోయే తొవ్వల షాపు. సాంచల పుర్జలు తయారు చేస్తడు, అరిగినయి బాగుచేస్తడు. నేను పోయేసరికి పన్నెండు దాటింది.

"గంగన్నా, జుమ్మా టైం అయితుంది. అన్నం తిని జర నడుము వాల్చు. నమాజ్ చేసొచ్చి నిమ్మళంగ పొడుస్త" అన్నడు ఖాజా.

"నాకు రెండింటి బస్సున్నది. సన్నటి ఎర్ర గీత కాడ ఒకటి, దానికి ఎదురుంగ ఒకటి. రెండు రంధ్రాలకు గింత ముచ్చటనా? నీకు డ్రిల్లు పట్టుడు నేర్పిందే నేను!"

"నేర్పినవే, నేర్పినవ్. ఇంక ఎన్నేండ్లు చెప్తవే గా మాట?"

సంచి తీసుకొని లోపలికి పోయిండు. బయట బల్ల మీద సాంచలు నడిపిచ్చే ఆసాములు ఇద్దరు కూసున్నరు. ఇంక నాకు ఏం కావాలె! చాయ్ చెప్పి, భీవండి ముచ్చట మొదలుపెట్టిన. ఒక్క పూటల పన్నెండు సాంచలు ఎట్ల నడిపిచ్చిన్నో చెప్తున్న. లోపలికెళ్ళి ఖాజా గొంతు.

"గంగన్నా! ఎర్రగ ఉన్నదే గదా గుర్తు?"

"అదే!"

"సన్నటి గీత అన్నవ్. ఇది జర పెద్దగున్నది."

"పెద్దగుంటే నడిమిట్ల పొడువు!"

"ఒక్కసారి లోపలికొచ్చి చూసి పోరాదే?"

"అరె ఖాజా! నలభై ఏండ్ల అనుభవం నాది. నేను పెట్టిన గుర్తు నేనే మళ్ళ చూడాల్నా?"

ఆసాములు నా దిక్కు గౌరవంగ చూసిండ్రు. లోపల ఖాజా "బిస్మిల్లా" అన్నడు. డ్రిల్లు తిరిగిన సప్పుడు వచ్చింది. రెండో రంధ్రం మొదటిదానికి సరిగ్గా ఎదురుంగ, సూత్రం పట్టినట్టు పొడిచిండు. మాగ్నెట్లు గమ్ము పెట్టి కూర్చోబెట్టి, నూనె తుడిచి, అదే తువ్వాలల చుట్టి ఇచ్చిండు. రెండింటి బస్సు దొరికింది. గెలిచొచ్చిన మొఖంతోని ఇల్లు చేరిన.

శనివారం పుల్లీ ఎక్కిచ్చిన, రేడియేటర్ బిగించిన, వైర్లన్నీ కలిపిన. తాళం మాత్రం తిప్పలే. ఆదివారం మానస వస్తది, బిడ్డ ముంగటనే స్టార్ట్ చేయాలె. 'అమ్మేయరాదు' అన్న నోటితోనే 'శభాష్ బాపూ' అనిపియ్యాలె!

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మానస వచ్చింది. లచ్చవ్వ వాకిట్ల కుర్చీల కూసోని చాటల బియ్యం ఏరుతున్నది. నేను మీసం దువ్వుకొని సీట్ల కూసోని తాళం తిప్పిన.

ఢాం!

ఎసోంటి సప్పుడు! సైలెన్సర్ నడిమిట్ల ఊడి కిందవడ్డది. చాటల బియ్యం లచ్చవ్వ ఒళ్ళె పడ్డయి. గోడ మీది పిల్లి ఇప్పటిదాక మళ్ళ కనవడలే. పక్కింటి సాయిలు, రిటైరైన బస్సు కండక్టర్, బనీను మీదనే ఉరికొచ్చిండు.

"గంగన్నా, గ్యాస్ సిలిండరా?"

"కాదు."

"ట్రాన్స్‌ఫార్మరా?"

"కాదు!"

"మరేందే?"

"ఇగ్నీషన్!" అన్న, పండ్లు కొరుకుతూ.

మళ్ళొక్కసారి తిప్పిన. ఈసారి సప్పుడు ముంగటికెళ్ళి వచ్చింది. కార్బురేటర్ల మంట తన్ని ఎయిర్ ఫిల్టర్ మూత ఎగిరి మందార చెట్ల పడ్డది. బానెట్ కింద తొంగి చూసిన, మీసం నిండ మసి.

ఇంక ఆపుకోలేదు. మొదలు బిడ్డ మీద పడ్డ. "ఎసోంటి కిట్ తెప్పిచ్చినవే? ఫోన్ల బొమ్మ చూసి కొంటే గిట్లనే ఉంటది!"

మానసకు నా లెక్క కోపం రాదు. వంగి చూసింది. "బాపూ, మాగ్నెట్ వచ్చినప్పుడల్లా సెన్సర్ లైట్ వెలుగుతుంది. కిట్ మంచిగనే ఉన్నది."

అయితే ఖాజానే! ఫోన్ చేసిన. "ఏం పొడిచినవ్ రా? చూసి పొడిచినవా, జుమ్మాకు ఉరుకుతూ పొడిచినవా? రేపు నా బండి తుక్కుకు పోతే నీ పేరు చెప్పుకుంట!" ఇంకా శాన అన్న. ఇక్కడ చెప్పదగ్గయి కావు.

"నువ్వు ఎక్కడ పొడవమంటే అక్కడనే పొడిచిన గంగన్నా. గంత గట్టిగ ఒర్రకు, బీపీ పెరుగుతది" అన్నడు. నేను ఇంకా ఒర్రంగనే ఫోన్ పెట్టేసిండు.

"బాపూ, మొదటి ప్లగ్గు తీయి" అన్నది మానస. తీసిన. ఆ రంధ్రంల పొడుగు స్క్రూడ్రైవర్ నిలబెట్టి పట్టుకున్నది. "ఇప్పుడు హ్యాండిల్‌తోని మెల్లగ తిప్పు." తిప్పిన. పిస్టన్ పైకొస్తుంటే స్క్రూడ్రైవర్ పైకి లేస్తున్నది. "ఆపు. పిస్టన్ పైకొచ్చింది. ఇప్పుడు మాగ్నెట్ ఎక్కడున్నదో చూడు."

చూసిన. మాగ్నెట్ సెన్సర్ కాడ ఉండాలె. లేదు. బెత్తెడు దూరంల ఉన్నది! మంట పడాల్సిన కాడ ఏం లేదు. ఏం లేని కాడ మంట పడ్తున్నది. పేలక ఏమైతది?

"గుర్తు నేను పెట్టింది ఇక్కడ! గీ చేతులతోని గీసిన! గీత నడిచి పోయిందా?" అని ఒర్రుకుంట లచ్చవ్వ దిక్కు తిరిగిన. "నా సామాన్లు ఎవరు ముట్టిండ్రు?"

లచ్చవ్వ ఒళ్ళెకెళ్ళి బియ్యం ఒక్కొక్కటి ఏరి చాటల వేస్తున్నది. తలెత్తకుండనే అడిగింది.

"గా ఎర్ర గీతనా?"

"అవ్, ఎర్ర గీతనే!"

"తోమినప్పుడు పోయింది."

"పోయిందా!"

"చింతపండు, పీచు పెట్టి తోమిన. జిడ్డుతోని పాటు గీత కూడ పోయింది. శుక్రవారం గదా అని పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టిన. నీకు చెప్పొస్తే 'మంచిగ చేసినవ్, బస్సు పోతది' అన్నవ్."

ఎర్రగ ఉన్నదే గదా గుర్తు. జర పెద్దగున్నది. నడిమిట్ల పొడువు! ఆ ఆసాముల ముంగట నేను కాలు మీద కాలు వేసుకొని చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే వాపసు వచ్చినయి. సాయిలు ఇంకా అక్కడనే ఉన్నడు. నవ్వాల్నా వద్దా తెలువక, బనీను సదురుకుంటున్నడు. మానస మాత్రం బానెట్ వెనుక దాక్కొని నవ్వుతున్నది. భుజాలు కదులుతున్నయి.

నేను పోయి అరుగు మీద కూసున్న. రేపే సోమవారం. లచ్చవ్వ బియ్యం చాట పక్కకు పెట్టి, రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగ లేచింది. మోకాళ్ళు ఆమెవి. పందెం కట్టింది నేను.

ఖాజాకు మళ్ళ ఫోన్ చేద్దామంటే చెయ్యి రాలే. అంతల ఆయనే చేసిండు. వెనుక బస్సు సప్పుడు.

"వేములవాడ దాటిన. అన్నం ఉంచమను వదినెను."

"ఎందుకొస్తున్నవ్ రా?"

"నువ్వు గట్ల ఒర్రినంక ఇంట్ల ఎట్ల కూసుంట?"

మధ్యాహ్నానికి పనిముట్ల సంచి భుజానికి తగిలించుకొని దిగిండు. అన్నం తినుకుంట కత మొత్తం విన్నడు. చేతిల ముద్ద చేతిలనే పట్టుకొని నవ్విండు.

"అది కుంకుమని నాకు ఎరుకనే. నా షాపుకొచ్చే ప్రతి సాంచ పుర్జ బొట్టు పెట్టుకొనే వస్తది. గుర్తు మీదనే వదినె బొట్టు పెట్టిందనుకున్న. అనుమానమొచ్చే గదా మళ్ళ మళ్ళ అడిగిన!" అని ముద్ద మింగి, అసలు దెబ్బ అప్పుడు కొట్టిండు. "అయినా గంగన్నా, గీత గీసి ఎందుకు ఇడిసిపెట్టినవ్? పంచ్ పెట్టి సుత్తెతోని చిన్న గుంట పడేటట్టు దెబ్బ ఎందుకు కొట్టలే? 'గీత చెరుగుతది, దెబ్బ చెరగది' అని భీవండిల నా నెత్తి మీద మొట్టి చెప్పిందెవరు?"

నేను పప్పుల ఇంకొంచెం నెయ్యి వేసుకున్న.

అన్నాలైనంక అందరం బండి ముంగట నిలబడ్డం. "పుల్లీ విప్పి, అసలు జాగల మళ్ళ రెండు రంధ్రాలు పొడుద్దాం" అన్న.

"వద్దు" అన్నడు ఖాజా. "ఇప్పటికే రెండు పొడిచినం. ఇంకా పొడిస్తే అది పుల్లీ కాదు, జల్లెడ. బలం తప్పి పగిలిందంటే రేడియేటర్‌ను చీల్చుకొని వస్తది."

లచ్చవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చింది.

"ఏందట?"

"అమ్మా, మాగ్నెట్లు తప్పు జాగల కూసున్నయి. ఇంక కదలవు. సెన్సరేమో ఈడ ఉన్నది" అని వేలు పెట్టి చూపించింది మానస.

"గుళ్ళె దేవుడు కదుల్తడా? మనమే జరిగి నిలబడి మొక్కుతం గదా. గా చూసేదాన్నే జరుపుండ్రి" అని, చాయ్ పొంగుతున్నదో ఏమో, వంటింట్లకు పోయింది.

మేం ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. "కరెక్టే గదా బాపూ!" అన్నది మానస. "మాగ్నెట్ ఎంత జరిగిందో సెన్సర్‌ను అంతే జరిపితే లెక్క సరిపోతది. మంటకు కావాల్సింది ఇద్దరు ఎదురుపడుడే. ఎక్కడ ఎదురుపడ్డరన్నది దానికెందుకు?"

నలభై ఏండ్ల అనుభవం నా నెత్తి మీద నుంచి దిగి, మెల్లగ గేటు దాటి పోయింది.

ఖాజా సంచిలకెళ్ళి ఇనుప పట్టీ తీసిండు. వంచి, కోసి, సెన్సర్‌కు కొత్త పట్టీ చేసిండు. మానస స్క్రూడ్రైవర్ పట్టుకొని పిస్టన్ చూసింది. నేను హ్యాండిల్ తిప్పిన. తిప్పమన్నప్పుడు తిప్పిన, ఆపమన్నప్పుడు ఆపిన. పట్టీ బిగించే కాడ ఖాజా పంచ్, సుత్తె నా చేతికిచ్చిండు. టక్కుమని ఒక దెబ్బ కొట్టిన.

ఊడిన సైలెన్సర్‌ను ఎక్కిచ్చి, పొద్దు గూకక ముందే తాళం తిప్పిన. సాయిలు ముందే చెవులు మూసుకున్నడు. ఢాం లేదు, ఢూం లేదు. మజ్జిగల కవ్వం తిరిగినట్టు తిరిగింది ఇంజన్. డాష్‌బోర్డు మీద చాయ్ గ్లాసు పెడితే చాయ్ తొణకలే.

ఖాజాను బస్టాండు దాక ఆ బండిలనే తోలుకపోయిన. దిగుతుంటే అన్న. "ఖాజా, పొద్దున ఫోన్ల నేనన్న మాటలు..."

"ఏమన్నవే? మిషన్ల సప్పుడుకు నాకేం వినవడలే" అని బస్సెక్కిండు. ఆదివారం ఆయన షాపుల మిషన్లు నడవయి.

సోమవారం పొద్దున జగిత్యాల. వెనుక సీట్ల లచ్చవ్వ, మంచి చీర కట్టుకొని. ముంగట మానస. గేటు కాడ లైనుల ఇరవై బండ్లున్నయి. జరుగుడు, ఆగుడు. జరుగుడు, ఆగుడు. ప్రతిసారి నేను యాక్సిలరేటర్ జర ఎక్కువనే తొక్కిన. ఇంజన్ మాత్రం వణకలే. ఒక్కసారి కూడ ఆగలే.

ఇన్‌స్పెక్టర్ మేడం మా మానస ఈడుది. బ్రేకులు చూసింది, లైట్లు చూసింది, పొగ చూసింది. బానెట్ లేపుమన్నది. చాసిస్ నంబరు కాయితంతోని సరిచూసుకొని, వంగి పుల్లీ కాడ ఆగింది.

"ఇది బండితోని వచ్చింది కాదు గదా, పెద్దాయనా? గింత సాఫుగ ఎవరు చేసిండ్రు?"

నేను నోరు తెరిచిన. మామూలుగైతే ఆ నోట్లెకెళ్ళి భీవండి, దమ్మాం, నలభై ఏండ్లు, అన్నీ వరుసగ వచ్చేటియి. వెనుక కిటికీలకెళ్ళి తల బయట పెట్టి లచ్చవ్వ నన్నే చూస్తున్నది.

"గుర్తు మా ఇంటామె పెట్టింది మేడం. రంధ్రం మా ఖాజా పొడిచిండు. లెక్క మా బిడ్డ కుదిరిచ్చింది."

మేడం కాయితం మీద పాస్ అని రాసి, సంతకం చేసుకుంట అడిగింది. "మరి మీరేం చేసిండ్రు?"

"నేను ఒర్రిన మేడం."